ఫ్రేముకి పెట్టిన బొట్లు

పాత రంగు ఊడదీయడానికి కూర్చున్న మొదటి రోజునే చిన్నారావుకి తెలిసిపోయింది, ఈ బండి తన ప్రాణం తోడేస్తుందని. బీరువాలకీ, కూలర్ డబ్బాలకీ, కిటికీ గ్రిల్స్‌కీ పౌడర్ కోటింగ్ వేసుకుని బతికే షెడ్డులో మోటారు సైకిలు ఫ్రేముకేం పని? రాయపూర్ భన్‌పురిలో ఇన్ని కార్ఖానాలుండగా ఆ నాగపూర్ పెద్దమనిషి వెతుక్కుంటూ వచ్చి వీళ్ళ గుమ్మంలోనే దించాలా? దించాడు. యుద్ధకాలం నాటి ఇంగ్లీషు బండి అట. ఇంజనూ చక్రాలూ తన దగ్గరే ఉంచుకుని, గొట్టాల గూడూ, ముందు ఫోర్కూ, మడ్‌గార్డు కడ్డీలూ గోనెపట్టాలో చుట్టి పడేసి పోయాడు. ఇది బాగా వస్తే తన స్నేహితుల బళ్ళన్నీ ఇక్కడికే పంపిస్తానన్నాడు. ఆ మాటతో షెడ్డు యజమాని సేఠ్‌కి నిద్ర కరువైంది. ఆ నిద్ర లేనితనాన్ని తెచ్చి చిన్నారావు నెత్తిన పెట్టాడు.

ఒక రంగా, రెండు రంగులా! పైన నలుపు, దాని కింద ఎర్ర ప్రైమరు, ఆ కింద మరో నలుపు, అన్నిటికన్నా అడుగున మిలిటరీ పచ్చ. సొట్టలు పడ్డ చోటల్లా ఎవడో మహానుభావుడు లప్పం మెత్తి పూడ్చాడు. రంగు ఊడగొట్టే మందు బ్రష్షుతో రాస్తే పైపొర ఉబ్బి, ముడతలు పడి ఊడివచ్చేది. కిందిది మాత్రం నన్నేం చేస్తావన్నట్టు కూర్చునేది. చిన్నారావు పీట మీద కూర్చుని రేకు బద్దతో గొట్టాల చుట్టూ గీకాడు. బద్ద దూరని మూలల్లో, గొట్టాలు కలిసే కీళ్ళ దగ్గర, వైరు బ్రష్షుతో తోమాడు. లప్పాన్ని ఉలితో సన్నగా కొట్టి రాల్చాడు. రవ్వంత మిగిలినా రంగు కాల్చే భట్టీ వేడికి అది ఉబ్బి, పైన వేసిన కోటింగుని బుడగలా లేపుతుంది. బీరువా అయితే ఆ వైపు గోడకి ఆనించేస్తే ఎవడూ చూడడు. బండికి గోడవైపంటూ లేదు.

గీకడం అయ్యాక ఫ్రేము నాంచారమ్మ తొట్టి దగ్గరకి వెళ్ళింది. వచ్చిన ప్రతి ఇనప వస్తువుకీ జిడ్డు వదలగొట్టడం ఆవిడ పని. మొదట కిరసనాయిలు గుడ్డ, తర్వాత వేడి సోడా నీళ్ళు. ఏళ్ళ తరబడి ఆ సోడా తిని ఆవిడ వేళ్ళ చివర్లు నున్నగా అయిపోయాయి. మొగుడు పోయిన మనిషి, ఖమ్తరాయిలో చిన్నారావు ఇంటికి రెండు గుమ్మాల అవతల ఉంటుంది. ఆ వీధిలో అందరివీ విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే. అక్కడి అలవాటు ప్రకారం, అక్క వరసన, చిన్నారావు ఆవిడని అప్పా అంటాడు.

"ఇదేటి బావూ, ఎంత కడిగినా గొట్టాల్లోంచి నూనె కారతానే ఉన్నాది. దీని దుంప తెగ, ఇది బండా, నూనె గానుగా?"

"పాతది గదప్పా. లోపలికి ఇంకిపోనాది. భట్టీలో ఒట్టినే ఓపాలి కాల్సీసి మళ్ళా కడుగుదుము."

అలాగే చేశారు. కాల్చినప్పుడు గొట్టాల చివర్ల నుంచి నల్లటి నూనె బొట్లు బొట్లుగా దిగింది. ఆవిడ మళ్ళీ కడిగింది, ఆరాక తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డ మీద మరక లేదని చూసుకుని, ఇంకోసారి కడిగింది. ఇవన్నీ చిన్నారావు కళ్ళతో చూశాడు.

మిగిలింది ఇసక గది. గది అంటే నాలుగు రేకులూ ఒక తలుపూ. అందులో నిలబడి, తలకి కాన్వాసు ముసుగు తగిలించుకుని, కంప్రెసర్ గాలితో గొట్టంలోంచి ఇసకని ఇనుము మీదకి కొట్టాలి. ఇసక ఇనుముని కొరుకుతుంది. మిగిలింది మనిషిని కొరుకుతుంది. ముసుగుకి ముందు అద్దం ఉందేగాని ఊపిరికంటూ వేరే ఏర్పాటు లేదు. మూతికి తడిగుడ్డ కట్టుకోవడమే. చిన్నారావు ఆ గదిలో ఎన్నేళ్ళ నుంచి ఉన్నాడో లెక్క పెట్టుకోవడం మానేశాడు. ఈమధ్య సైకిలు తొక్కుతుంటే ఖమ్తరాయి రైలు గేటు దాకా కూడా దమ్ము చాలడం లేదు. దిగి నడిపించుకు వెళ్తున్నాడు. ఎవరైనా చూస్తే గాలి పోయిందంటాడు, టైరులో.

సేఠ్ మాటిచ్చాడు. "ఈ ఫ్రేము మచ్చ లేకుండా దించు. విశ్వకర్మ పూజ అయ్యాక నిన్ను గన్ మీద పెడతా. ఇసక గదికి నూకరాజు బావమరిది వస్తానంటున్నాడు." గన్ అంటే పౌడర్ చల్లే తుపాకీ. దానితో పొడి చల్లితే ఇనుముకి పట్టుకుంటుంది, భట్టీలో పెడితే కరిగి రంగవుతుంది. వెలుతురు, గాలి, నిలబడి చేసే శుభ్రమైన పని. ఇప్పుడు దాని మీద నూకరాజు ఒక్కడే ఉన్నాడు. ఆ కొత్త కుర్రాడి ఊపిరితిత్తుల సంగతేమిటన్న ఆలోచన చిన్నారావుకి రాకపోలేదు. వచ్చినప్పుడల్లా దాన్ని తోసేశాడు. ముందు తను బయటపడాలి.

పూజకి ముందురోజు ఫ్రేముని లోపలికి తీసుకెళ్ళాడు. మరలున్న కన్నాలన్నిటికీ పాత బోల్టులు బిగించాడు, హ్యాండిలు తిరిగే చోట చెక్క బిరడాలు కొట్టాడు, నంబరు చెక్కిన చోట టేపు అంటించాడు. తర్వాత ముసుగు తగిలించుకున్నాడు. పగలంతా కొట్టాడు. బయటికి తెచ్చినప్పుడు ఫ్రేము విభూతి రాసినట్టు తెల్లబూడిద రంగులో ఉంది. అటువంటి ఇనుము మీద చెయ్యి పడకూడదు. చెమట తగిలితే తుప్పు, జిడ్డు తగిలితే కోటింగు నిలవదు. చేతికి తొడుగు వేసుకుని గోరువెచ్చటి భట్టీలో వేలాడదీసి, కుళాయి కింద కూర్చుని తల మీంచి నీళ్ళు పోసుకున్నాడు. రోజూ అంతే. ఒళ్ళు కడుక్కుని, బట్టలు మార్చుకునిగాని ఇంటికి వెళ్ళడు. ముక్కులోంచి బూడిదరంగు వచ్చేదాకా చీదుతాడు.

విశ్వకర్మ పూజ నాడు రాయపూర్‌లో ఏ కార్ఖానాలోనూ సుత్తి లేవదు. మిషన్లన్నీ కడిగి, బంతిపూల దండలేసి, పనివాళ్ళ పెళ్ళాంపిల్లల్ని పిలిచి పూరీలూ బూందీ పెడతారు. సేఠ్ ఫ్రేముని భట్టీలోంచి తీయించి దేవుడి పటం పక్కనే కొక్కేనికి వేలాడదీయించాడు. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించుకోవాలని ఆయన సరదా.

"ముట్టుకోకూడదు సేఠ్‌జీ," అన్నాడు చిన్నారావు.

"ఎవరు ముట్టుకుంటారు? పూజ అయ్యాక లోపల పెట్టేయ్."

చిన్నారావు భార్య పైడమ్మ కొత్త చీర కట్టుకుని, కొబ్బరికాయతో, పసుపు కుంకాల భరిణెతో వచ్చింది. పెళ్ళయ్యాక షెడ్డు లోపలికి అడుగుపెట్టడం ఆ పూజలకే, ఆ నిశ్శబ్దంలోనే. ఫ్రేముని చూసి నోరు తెరిచింది.

"నువ్వు సేసింది ఇదేనేటి మావా? ఎండి గిన్నె నాగుందే!"

చిన్నారావుకి నవ్వొచ్చింది. చాలా రోజులకి వచ్చిన నవ్వు. ఇంతలో సేఠ్ కేకేశాడు, విస్తళ్ళు వేయమని. వడ్డన అయి తిరిగి వచ్చేసరికి ఫ్రేము నిండా పసుపు చుక్కలు, చుక్కల మీద కుంకుమ. గొట్టం గొట్టం కలిసే ప్రతి కీలు దగ్గరా ఒకటి. పైడమ్మ కళ్ళు మూసుకుని దాని ముందు చేతులు జోడించి నిలబడి ఉంది.

"ఓలమ్మా! ఏటే ఇది! ఎవులు ఎట్టమన్నారే నిన్ను?"

"ఎవులో సెప్పాలేటి? కొత్తది ఏదొచ్చినా బొట్టెట్టమేటి? కీలు కీలుకీ మొక్కుకున్నాను, నిన్నా గదిలోంచి బయిటికి తేవాలని."

ఇంక ఏమంటాడు? చుట్టూ జనం, సేఠ్ తల్లి కంప్రెసర్‌కి సిందూరం పెడుతోంది, పంతులు హారతిస్తున్నాడు. పండగపూట కట్టుకున్నదాన్ని తిట్టడం తన వల్ల కాలేదు. పోనీలే, రేపు పొద్దున్న ఒక్కసారి పైపైన ఇసక కొడితే పోతుందిలే అనుకున్నాడు. చేతులకి తొడుగు వేసుకుని దాన్ని మళ్ళీ భట్టీలో వేలాడదీశాడు.

మర్నాడు పొద్దున్న ముసుగు అందుకున్నాడు. అందుకుని, మళ్ళీ మేకుకి తగిలించేశాడు. ఒళ్ళు రానన్నది. రాత్రంతా దగ్గుతో పక్క మీద కూర్చునే ఉన్నాడు. ఇప్పుడా గదిలోకి వెళ్ళమంటే కాళ్ళు కదలడం లేదు. పసుపే కదా, నీళ్ళలో కలిపిందే కదా, ఆరిపోయింది. పొడిగుడ్డ తీసుకుని ఒక్కో చుక్కా రుద్ది రుద్ది తుడిచాడు. పచ్చదనం పోయింది. ఇనుము మళ్ళీ తెల్లగా కనిపించింది. నూకరాజు వచ్చి నల్ల పౌడరు చల్లాడు, భట్టీ తలుపు మూశాడు.

తీసి చల్లార్చాక సేఠ్ స్వయంగా వచ్చాడు. కిటికీ వెలుతురులో ఫ్రేము నల్లగా, నీళ్ళలా మెరిసింది. ఆయన మొహం కూడా మెరిసింది. తర్వాత వేలు పెట్టి ఒకచోట తడిమాడు. మరోచోట తడిమాడు. కోటింగు అక్కడక్కడ పట్టుకోకుండా విడిపోయి, గుంట పడి, గుంట మధ్యలో ఇనుము బయటపడి ఉంది. ఒక్కోటీ వేలి కొనంత.

"జిడ్డు!" అన్నాడు సేఠ్. "జిడ్డు వదల్లేదు. ఎవరు కడిగారు?"

నాంచారమ్మ తొట్టి దగ్గర నుంచి తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. మూడుసార్లు కడిగాననీ, గుడ్డతో తుడిచి చూశాననీ సగం తెలుగులో సగం హిందీలో చెప్పుకుంది. సేఠ్ వినే స్థితిలో లేడు. ముసలిదానివైపోయావు, కళ్ళు కనబడవు, నా పరువు తీశావు అని అరిచి, చివరికి "కల్ సే మత్ ఆనా" అన్నాడు. రేపట్నుంచి రావద్దు. అంతే. ఆవిడ చిన్నారావు వైపు చూసింది. నువ్వు చూశావు కదా, చెప్పు బావూ అన్నట్టు చూసింది.

చిన్నారావు ఫ్రేము వైపు చూస్తున్నాడు. హ్యాండిలు మెడ దగ్గర ఒక మచ్చ, సీటు కింద ఒకటి, వెనక చక్రం బిగించే చెవుల దగ్గర చెరొకటి. కీలు కీలుకీ. పైడమ్మ బొట్టు పెట్టిన చోటల్లా. నోరు తెరిస్తే గన్ పోతుంది. మచ్చ లేకుండా దించమన్నాడు సేఠ్. మచ్చలు తన ఇంట్లోంచే వచ్చాయి. చూసి కూడా తుడిచి ఊరుకున్నది తనే. నోరు తెరవలేదు. ఆ సాయంత్రం కుళాయి కింద కూర్చుని ఎన్ని నీళ్ళు పోసుకున్నా తన మీద తనకి పుట్టిన అసహ్యం వదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి పైడమ్మ గుమ్మంలోనే ఉంది.

"నాంచారప్పని పన్లోంచి తీసేసినారటగా? గుడ్లనీరు కుక్కుకుని వొచ్చినాది. ఆ వయసుకి ఇంకెవులిస్తారు పని? నువ్వక్కడే ఉన్నావుగదా, ఏటీ అన్లేదేటి?"

చిన్నారావు చెప్పులు విప్పి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"పసుపు దేనితో కలిపినావే?"

"దేనితో ఏటి, దీపం కుందెలో నువ్వుల నూనుంటే దాంతో కలిపినాను. నీల్లతో అయితే ఇనుముకి అంటుకునీది గాదు." చెప్పి, ఆగి, అతని మొహం చూసింది. "ఏం? ఏటయినాది?"

చెప్పాడు. పైడమ్మ తన వేళ్ళ వైపు చూసుకుంది. తర్వాత ఎవరినో అడుగుతున్నట్టు అంది:

"పసుపెడితే సెడిపోద్దేటి?"

"ఇనుముకి తెలవదే. దానికి నూనె నూనే."

"అయితే నాంచారప్ప తిట్లన్నీ నావేనన్నమాట."

"ఓ వారం ఊరుకో. నన్ను గన్ మీద ఎట్టీనీ. ఆ తరవాత ఎలాగో సేటుకి సెప్పి అప్పని మల్లీ..."

"వారం ఆవిడేటి తింటాది? నీకు సిగ్గు నేదేటి మావా?"

ఉంది. అందుకే తల దించుకుని కంచం ముందుకి లాక్కున్నాడు. పెట్టిన అన్నం ఇద్దరూ కెలికి వదిలేశారు.

పొద్దున్నే అతని సైకిలు వెనకే నడిచి పైడమ్మ షెడ్డుకి వచ్చింది. సేఠ్ తన తల్లితో కలిసి ఆఫీసు గదిలో టీ తాగుతున్నాడు. పైడమ్మ గుమ్మంలో నిలబడి, తనకొచ్చిన బజారు హిందీలో, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. "నాంచారమ్మ కా గల్తీ నహీ సేఠ్‌జీ. హమ్ కియా. తేల్ మే హల్దీ కియా, టీకా లగాయా." నాంచారమ్మ తప్పేమీ లేదని, నూనెలో పసుపు కలిపి బొట్టు పెట్టింది తనేనని. ఆమె వెనక నుంచి చిన్నారావు కూడా ముందుకొచ్చి, ఆ బొట్లు తను పూజనాడే చూశాననీ, ఇసక కొట్టడానికి ఓపిక లేక గుడ్డతో తుడిచాననీ చెప్పాడు. పని పోయిందనే అనుకున్నాడు.

సేఠ్ కప్పు కింద పెట్టి అరవడానికి నోరు తెరిచాడు. ముసలమ్మ చెయ్యెత్తింది.

"పూజా కీ హై బేటా, చోరీ తో నహీ కీ."

పూజ చేసింది గాని దొంగతనం చేయలేదు కదా. తల్లి ఆ మాట అన్నాక సేఠ్ కోపం ఎటు పోవాలో తెలియక కాసేపు గదిలోనే తిరిగింది. తర్వాత ఆయన నవ్వేశాడు. నాంచారమ్మని రమ్మన్నాడు. లేచి వచ్చి చిన్నారావు భుజం తట్టాడు.

"సచ్చా ఆద్మీ హై తూ, నిజాయితీపరుడివి. ఇంకొకడైతే నోరు మూసుకునేవాడు. నేనూ ఆలోచించాను, ఈ పాత బళ్ళ పని తెలీనివాడి చేతుల్లో పెట్టకూడదు. నూకరాజు బావమరిదిని వద్దంటాను. అందర్ తో తేరే జైసా ఆద్మీ చాహియే, ఆ ఇసక గదిలో నీలాంటివాడే ఉండాలి. ఇంకా బళ్ళొస్తాయి, లోపల నువ్వే చూసుకో. ఇవాళ దాన్ని మళ్ళీ శుభ్రం చేసెయ్."

చిన్నారావు 'హా జీ' అన్నాడు. ఇన్నేళ్ళుగా అంటున్నదే నోటికి వచ్చింది. పైడమ్మకి 'సచ్చా ఆద్మీ' ఒక్కటే తలకెక్కింది. మొహం ఇంత చేసుకుని నాంచారమ్మని పిలుచుకు రావడానికి ఖమ్తరాయికి పరుగున వెళ్ళింది.

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి షెడ్డు గడగడలాడుతోంది. కంప్రెసర్ మోత ఒకటి, దాని మీద రేకుల గదిలోంచి వస్తున్న ఇసక రొద ఒకటి. పైడమ్మ చెవులు మూసుకుంది. ఇంతకు ముందెప్పుడూ ఆ చప్పుడు విని ఎరగదు.

"అదేటప్పా?"

"అదే మీ ఆయన గది," అంది నాంచారమ్మ, కొంగు దోపుకుని తొట్టి దగ్గరకి వెళ్తూ.

పైడమ్మ ఇంటికి వెళ్ళలేదు. గదికి ఎదురుగా తిరగేసిన డబ్బా మీద కూర్చుంది. తలుపు సందుల్లోంచి సన్నటి దుమ్ము అదేపనిగా వస్తోంది. చాలాసేపటికి లోపల రొద ఆగి తలుపు తెరుచుకుంది. ముందు దుమ్ము, దాని వెనక ఒక మనిషి. తల నుంచి కాళ్ళ దాకా బూడిదరంగు, కనురెప్పలు కూడా. పైడమ్మ లేచి అతనికి దారిచ్చింది. మొగుడి కోసం అతని వెనక్కి, గదిలోకి తొంగి చూసింది. ఆ మనిషి ముసుగు తీసి గోడ పట్టుకుని దగ్గడం మొదలెట్టాక గాని ఆమెకి తెలియలేదు.

"మావా!"

దగ్గు ఆగడం లేదు. వంగి, మోకాళ్ళ మీద చేతులేసుకుని, ఉమ్మి, మళ్ళీ దగ్గాడు. పైడమ్మ కొంగుతో మొహం తుడవబోతే కొంగంతా బూడిదయిందిగాని మొహం బయటపడలేదు.

"నువ్వింకా ఎల్లనేదేటి?" అన్నాడు ఎట్టకేలకి.

"రోజూ ఇలగేనేటి?"

"రోజూ కాదులే."

"ఇంటికి కడిగిన ముత్యంలాగొస్తావు గదా. ఇల్లు ఊడిస్తే లేసే దుమ్మనుకున్నాన్రా నాయనా. మిసినీ మీద ఉండే దుమ్మనుకున్నాను." ఆమె ఏడవడం లేదు. కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియని కోపం. "ఆయన అందర్ అన్నాడేటి? అందర్ అంటే ఇదేనా? మరి బయిటి పని ఎప్పట్నించి?"

చిన్నారావు మోకాళ్ళ మీంచి చేతులు తీసి నిలబడ్డాడు. రెండో వైపు ఇంకా కొట్టాలి, కంప్రెసర్ తిరుగుతూనే ఉంది. ముసుగు కోసం చెయ్యి చాచాడు. అది తీసి పడేసిన చోట లేదు. పైడమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టి, డబ్బా మీద కూర్చుని ఉంది.

"ఇటియ్యే."

"ఇవ్వను."

"పైడీ, పిచ్చి ఏషాలెయ్యకు. పని పోద్ది."

"పోనీ."

రొద ఆగిపోవడంతో సేఠ్ ఆఫీసు గుమ్మంలోకి వచ్చాడు. ఏమైందని అడిగాడు. పైడమ్మ ముసుగు వదలకుండానే లేచి నిలబడింది.

"సచ్చా ఆద్మీ బోలా నా సేఠ్‌జీ? సచ్చా ఆద్మీ అందర్ మర్ జాయేగా."

లోపల చచ్చిపోతాడు అన్న మాటకి సేఠ్ నవ్వబోయి మానేశాడు. ఆడదానితో ఏం మాట్లాడతామన్నట్టు చిన్నారావు వైపు చూశాడు. ఫ్రేము రేపటికి కావాలన్నాడు. నీ పెళ్ళానికి చెప్పు అన్నాడు. చిన్నారావు అలవాటుగా 'హా జీ' అనడానికి గొంతు సవరించుకున్నాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక ఆ మాట నోట్లో లేదు. మెల్లగా వంగి, పైడమ్మ లేచిన డబ్బా మీద కూర్చున్నాడు. సేఠ్ మళ్ళీ పేరు పెట్టి పిలిచాడు. చిన్నారావు లేవలేదు.

తొట్టి దగ్గర నుంచి నాంచారమ్మ ఇదంతా చూస్తోంది. చేతులు కొంగుకి తుడుచుకుని, ఎవరినీ అడగకుండా, గోడ దగ్గరకి నడిచి వెళ్ళి కంప్రెసర్ స్విచ్చి కట్టేసింది.